ఎత్తని పదకొండు కాల్స్

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆమె కర్టెన్లావిడే. ఇంటి ముందుగదిలోనే కుట్టుపని. గది మధ్యలో పెద్ద బల్ల, బల్ల మీద గుడ్డ తాన్లు, గోడవారగా రెండు మిషన్లు. గుమ్మం పైన బోర్డు. కర్టెన్లు, సోఫా కవర్లు, దిండు గలీబులు అని రాసి, కింద అరచేయంత అంకెలతో ఫోన్ నంబరు.

“అంతంత అంకెలు దేనికే? ఆకాశంలో పోయేవాళ్ళు కూడా చదవాలా?” అని బోర్డు పెట్టిన రోజే అమ్మ వెక్కిరించింది.

ఆకాశంలో పోయేవాళ్ళ సంగతేమో గానీ, దారిన పోయే పోకిరీ ఎవడో చదివేశాడు. రోజుకు రెండుసార్లు ఫోన్ మోగేది. తెర మీద అంకెలుండవు. ‘ప్రైవేట్ నంబర్’ అని ఉండేది, అంతే. ఎత్తితే ముందు ఊపిరి వినిపించేది. తర్వాత ఒక మగగొంతు, “మా పడగ్గది కిటికీ కొలత తీసుకోవడానికి ఒక్కదానివే వస్తావా?” అనేది. ఆమె మొదట కొన్నాళ్ళు నోరారా తిట్టింది. తిట్టేకొద్దీ వాడికి హుషారు ఎక్కువైంది.

తమ్ముడికి అదే వీధి చివర సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, మూడు పూటలా భోజనం అక్క దగ్గరే. సంగతి విని అన్నం ముందు నుంచే చేయి చాపాడు.

“ఫోన్ ఇటివ్వు. నువ్వు తిడుతుంటే వాడికి సరదా అక్కా. మాట్లాడకూడదు, ఎత్తకూడదు. నంబరు దాచుకుని చేసే కాల్ ఏదొచ్చినా ఇకమీదట నీ ఫోనే తిప్పి పంపేస్తుంది. మోగను కూడా మోగదు.”

“మంచివాళ్ళెవరైనా చేస్తేనో?”

“మంచివాళ్ళు నంబరెందుకు దాచుకుంటారే?”

ఆ మాట ఆమెకు నిజమే అనిపించింది. ఇల్లు ప్రశాంతమైంది.

రెండు వారాలకు అమ్మకు ఆయాసం ముదిరింది. ఆసుపత్రిలో చేర్చారు. రెండో అంతస్తు, ఆడవాళ్ళ వార్డు, ఏడో నంబరు మంచం. కాగితాలు రాసుకుంటున్న నర్సు, “ఏదైనా అవసరమైతే వెంటనే ఎత్తే నంబరివ్వండి” అంది.

“నాదే రాసుకోండమ్మా. ఎప్పుడు చేసినా ఎత్తుతాను.”

చూడ్డానికి వచ్చినవాళ్ళను సాయంత్రం ఐదింటికే లోపలికి పంపేవారు. ఏమైనా సీరియస్ అయితే మాత్రం వాళ్ళే ఫోన్ చేసి పిలుస్తారు. ఐదు రోజులకు అమ్మ కాస్త తేరుకుంది. మూతికి ఆక్సిజన్ గొట్టం పెట్టుకునే, పక్కన సీసాలో నీళ్ళు గుడగుడమంటుండగానే కబుర్లు మొదలుపెట్టింది. ఎదురు మంచం ఆవిడ గురక మీద జోకులు వేసింది. ఆరో రోజు సాయంత్రం కూతురు లేవబోతుంటే కొంగు పట్టుకుంది.

“ఇంకాసేపు కూర్చోవే.”

“రేపటికి హోటలు వాళ్ళ కర్టెన్లు ఇచ్చేయాలమ్మా. ఆ పని అవగొట్టుకుని వచ్చేస్తా. రేపు నువ్వు పొమ్మన్నా పోను.”

మర్నాడు మధ్యాహ్నమంతా ఆమె మిషన్ మీద నుంచి లేవలేదు. ఫోన్ బల్ల మీద, కళ్ళ ఎదుటే పడుంది. ఒక్కసారి కూడా మోగలేదు. ఆఖరి కర్టెన్ అంచు కుట్టి, మడతపెట్టి, తల దువ్వుకుని, ఐదింటికి వార్డు గుమ్మంలో నిలబడింది. ఏడో నంబరు మంచం మీద దుప్పటి మార్చేశారు.

నర్సు ఆమెను చూసి లేచి నిలబడింది. “ఎక్కడికెళ్ళారండీ? మూడూ యాభై నుంచి చేస్తూనే ఉన్నాం. పదకొండుసార్లు. మీ అమ్మగారు అడుగుతూనే ఉన్నారు, నాలుగూ ఇరవై దాకా.”

ఆసుపత్రి ఫోన్ల నుంచి చేస్తే నంబరు కనపడదట. అక్కడ అందరికీ తెలిసిన సంగతే అది. ఆమెకే తెలియదు. మెట్ల మీద కూలబడి, తిప్పి పంపిన కాల్స్ ఎక్కడుంటాయో వెతుక్కుంది. వరసగా పదకొండు. ఒకదాని కింద ఒకటి.

తమ్ముడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆమె వాణ్ని ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే వాడికి తేలికగా ఉండేదేమో. ఆ సాయంత్రం వాడే ఏడుస్తూ ఫోన్‌లో ఆ అడ్డు తీసేశాడు.

*

రెండు నెలలు గడిచాయి. ఆమె మళ్ళీ మిషన్ ఎక్కింది. ఒక మధ్యాహ్నం, బయట ఎండ కాస్తుండగా, ఫోన్ మోగింది.

ప్రైవేట్ నంబర్.

ఆ పోకిరీ మళ్ళీ మొదలెట్టాడనుకుంది. అయినా ఇప్పుడామె ఏ కాల్‌నూ వదలడం లేదు. ఎత్తి చెవిన పెట్టుకుంది. ఊపిరి లేదు, మగగొంతూ లేదు. ఎక్కడో నీళ్ళలో బుడగలు లేస్తున్నట్టు గుడగుడమని చప్పుడు. ఇనుప బండి చక్రం ఒకటి కీచుమంటూ దూరంగా పోయింది.

తర్వాత ఆడగొంతు, హడావుడిగా.

“ఏడో నంబరు మంచం వాళ్ళేనా? మీ అమ్మగారు అడుగుతున్నారండీ. వస్తున్నారా?”

కాల్ తెగిపోయింది. గోడ గడియారంలో మూడూ యాభై.

మూడు నిమిషాలకు మళ్ళీ మోగింది. అదే గొంతు, అదే మాట. మళ్ళీ... మళ్ళీ... నాలుగూ ఇరవైకి ఆగింది. ఆమె లెక్కపెట్టలేదు. లెక్కపెట్టాల్సిన పని లేదు.

“ఆసుపత్రి వాళ్ళ పొరపాటు అయ్యుంటుంది అక్కా,” అన్నాడు తమ్ముడు. “పాత కాగితం చూసి చేసుంటారు. లేకపోతే ఎవడో మన సంగతి తెలిసినవాడు ఏడిపిస్తున్నాడు. నంబరు దాచినా అది మన కంటికే కనపడదు. కంపెనీ వాళ్ళకు కనపడుతుంది. రాతపూర్వకంగా ఫిర్యాదిస్తే బయటికి లాగుతారు. ఏ రోజు, ఎన్ని గంటలకు వచ్చిందో రాసి పెట్టు.”

ఆమె గుడ్డ కొలతలు రాసుకునే పుస్తకంలోనే రాసింది. సోమవారం, మూడూ యాభై. మంగళవారం, మూడూ యాభై. బుధవారం తమ్ముడు కొట్టు మూసి వచ్చి బల్ల పక్కన కూర్చున్నాడు. గడియారం ముల్లు యాభై మీదికి రాగానే ఫోన్ మోగింది. వాడే లాక్కుని ఎత్తాడు.

“ఎవరండీ మీరు? పోయినావిడ పేరు చెప్పి ఆటలాడుతున్నారా?”

అవతల బుడగల చప్పుడు ఆగిపోయింది.

“మీరు కాదు,” అంది గొంతు, చాలా మెల్లగా. “ఆవిడకివ్వండి.”

వాడు ఫోన్ బల్ల మీద పెట్టి, చేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. “చల్లగా ఉందే...” అన్నాడు. ఆ రోజు వాడికి అన్నం సయించలేదు.

ఫోన్ కంపెనీలో ఫిర్యాదులు చూసే గుమస్తా తమ్ముడికి తెలిసినవాడే. వారం తిరక్కుండా కాగితం పట్టుకుని కొట్టుకే వచ్చాడు. అక్కాతమ్ముళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసి గొంతు సవరించుకున్నాడు.

“అమ్మా, మీరు రాసిచ్చిన రోజుల్లో, ఆ వేళల్లో మీ నంబరుకు ఒక్క కాల్ కూడా రాలేదు. అసలు ఈ మూడు నెలల్లో నంబరు దాచి చేసిన కాల్స్‌లో, ఆ పోకిరీవి పోగా, మిగిలినవి పదకొండే. అన్నీ ఒకే రోజువి.”

ఏ రోజువో అతను చెప్పనక్కర్లేకపోయింది. ఆ కాల్స్ చేసిన అసలు నంబరు మాత్రం కాగితంలో ఉంది. ఆసుపత్రి రెండో అంతస్తుది. తమ్ముడు అక్కడికక్కడే ఆ నంబరుకు కలిపాడు. ఈ నంబరు వాడుకలో లేదని వచ్చింది.

“మళ్ళీ అడ్డు పెట్టేస్తానక్కా. మోగదిక.”

ఆమె ఫోన్‌ను రెండు చేతులతో గుండెకు హత్తుకుంది. “వద్దురా చిన్నోడా. ఒకసారి పెట్టాం చాలు.”

*

మర్నాడు తమ్ముడికి చెప్పకుండా ఆమె ఆసుపత్రికి వెళ్ళింది.

కింద ఫోన్లు కలిపే బల్ల దగ్గరావిడ తలెత్తకుండానే చెప్పింది. “రెండో అంతస్తా? మూసేసి నెల దాటిందమ్మా. మరమ్మతులు. అక్కడ ఫోనే లేదు.”

“ఒక్కసారి చూసి వచ్చేస్తాను.”

ఆమె ముఖంలో ఏం కనపడిందో, ఆవిడ ఆయమ్మను పిలిచి తాళాలగుత్తి ఇచ్చింది. ఆయమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కి, తాళం తీసి, గుమ్మంలోనే ఆగిపోయింది. “వెళ్ళి చూసుకోండి. నేనిక్కడే ఉంటా. నాకా రంగు వాసన పడదు.”

లోపల రంగు వాసన ఉంది. దాని కింద పాత వాసన కూడా ఉంది. మందులు, ఉడికించిన దుప్పట్లు, ఎవరిదో తలనూనె. కిటికీలకు కాగితాలు అంటించారు. పట్టపగలే అయినా లోపల వెలుతురు మురికినీళ్ళలా ఉంది. మంచాలన్నీ ఒక మూలకు తోసి ఒకదాని మీద ఒకటి పేర్చారు. నర్సు బల్ల ఉండేచోట గోడ మీద ఫోన్ ఆనవాలుగా తెల్లటి మచ్చ, తెగిన వైరు ముక్క.

ఏడో మంచం ఉండే చోట నేల ఖాళీగా ఉంది. దాని పక్కన ఒక్క ప్లాస్టిక్ కుర్చీ. గది నిండా దుమ్ము. ఆ కుర్చీ మీద లేదు.

ఆమె చేతిలో ఫోన్ మోగింది.

ఎత్తింది.

“...వచ్చాను.”

“చూశామండీ,” అంది గొంతు. ఈసారి హడావుడి లేదు. “కుర్చీ వేశాం. కూర్చోండి.”

కాళ్ళు వెనక్కి పోదామంటున్నాయి. ఆమె కూర్చుంది. చెవిలో బుడగల చప్పుడు దగ్గరకొచ్చింది. ఇంకా దగ్గరకు... ఇప్పుడది ఫోన్‌లో వినిపిస్తోందో, మోకాలి పక్కన ఖాళీలో వినిపిస్తోందో తెలియలేదు. తర్వాత లోతుగా, ఆగి ఆగి, ఒక ఆయాసం. ఆ ఆయాసం ఎవరిదో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

“పనైపోయిందా తల్లీ?”

“అయిపోయిందమ్మా.” కన్నీళ్ళు జారి ఫోన్ మీద పడ్డాయి. “మోగలేదమ్మా... నిజంగా మోగలేదు... కళ్ళ ముందే పెట్టుకున్నాను...”

“సరేలే. కూర్చో.”

ఆమె కూర్చుంది. కుడిచేతి మణికట్టు మీద చల్లగా, బరువుగా, ఏదో ఆనింది. ఆమె చూడలేదు. చూస్తే పోతుందని భయం. చూస్తే కనపడుతుందనీ భయం. ఆయాసం నెమ్మదించింది. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది... ఇంకా పెరిగింది... ఇంక రాలేదు.

ఫోన్‌లో టైం నాలుగూ ఇరవై.

లేవబోతే ఒళ్ళు కుర్చీకి అతుక్కుపోయినట్టయింది. రెండోసారి బలమంతా పెట్టి లేచింది. ఎంత తేలిగ్గా లేచిందంటే, తూలి ముందుకు పడబోయింది. వెనక్కి తిరగకుండా గుమ్మం దాకా నడిచింది. ఆయమ్మ ఆమె భుజం మీదుగా లోపలికి చూస్తూ, తాళం చేత్తో పట్టుకుని నిలబడిపోయింది.

“వేసేయమంటారా?” అంది.

“వేసేయండి. ఇంకెవరున్నారు?”

ఆయమ్మ తాళం వేసి, మోకాళ్ళ నొప్పి మరచిపోయినట్టు గబగబా మెట్లు దిగిపోయింది.

ఇంటికి వచ్చే దారంతా ఆమె ఏదో మరచిపోయినట్టు తడుముకుంటూనే ఉంది. సంచి ఉంది, తాళంచెవులున్నాయి, కళ్ళజోడుంది. అన్నీ ఉన్నాయి.

*

మర్నాడు మూడూ యాభైకి ఫోన్ మోగలేదు. ఆ మర్నాడూ మోగలేదు. మూడో రోజు ఆమెకు రెండు నెలల తర్వాత కరకర ఆకలి వేసింది. వంకాయలు వేయించి, క్యారేజీ సర్ది, తానే కొట్టుకు పట్టుకెళ్ళింది. తమ్ముడికి జరిగిందంతా చెప్పింది. వాడు చేతిలో పని పక్కన పెట్టి విన్నాడు.

“అయితే అమ్మ నన్ను కూడా...”

“నిన్నేమీ అనలేదురా. సరేలే అంది.”

వాడు కళ్ళు తుడుచుకుని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. కొట్టు ముందు వీధిదీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. వాడు ఎవరిదో పగిలిన ఫోన్ విప్పి, స్క్రూడ్రైవర్ పట్టుకుని పనిలో పడ్డాడు. ఆమె స్టూల్ మీద కూర్చుని క్యారేజీ గిన్నెలు విడదీస్తోంది.

వాడి ఫోన్ మోగింది. చేతులకు జిగురుంది. మోచేత్తో నొక్కి స్పీకర్‌లో పెట్టాడు.

“చెప్పండి.”

గుడగుడమని బుడగలు.

“రెండో అంతస్తు నుంచండీ,” అంది ఆడగొంతు. “మీ అమ్మగారు వెళ్ళిపోయారు. తోడుగా వచ్చిన మీ అక్కగారే... మూడు రోజులైంది, కుర్చీలోంచి లేవడం లేదు. వార్డుకు తాళం వేసేశారు. ఎవరైనా వచ్చి తీసుకెళ్తారా?”

ఆ గొంతు వెనక నుంచి ఇంకో గొంతు, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయి, “చిన్నోడా...” అంది.

కాల్ తెగిపోయింది.

గిన్నె మూత పట్టుకున్న ఆమె చేయి గాల్లోనే ఆగిపోయింది. “ఎవర్రా అది?” అంది. “నా గొంతులా ఉందేంటి?”

తమ్ముడు స్క్రూడ్రైవర్ కింద పెట్టలేదు. ఆమె ముఖం మీంచి చూపు తిప్పకుండానే, తను కూర్చున్న కుర్చీని చప్పుడు కాకుండా ఒక జానెడు వెనక్కి జరుపుకున్నాడు.