ట్యాంకుకింత చోటు

పంజాగుట్ట మెట్రో స్టేషన్ వెనక సందులో ఫణీంద్ర అసోసియేట్స్ అని ఒక ఆఫీసు ఉంది. ఊళ్ళకు మంచినీళ్ళు శుద్ధిచేసే ప్లాంట్లు డిజైన్ చేయడం వాళ్ళ పని. ఎంత ఎత్తుకైనా నీళ్ళు ఎక్కించగలరు గానీ, సొంత ఆఫీసు లిఫ్టును మూడో అంతస్తుకు ఎక్కించడం మాత్రం వాళ్ళ వల్ల కాలేదు. అందుకే ఆ సోమవారం రవికాంత్ ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను భుజాన పెట్టుకుని మెట్లెక్కుతున్నాడు.

సరిగ్గా అప్పుడే అనుపమ ఫోన్ చూసుకుంటూ దిగుతోంది. ఉద్యోగంలో ఆమెకు అది మొదటి రోజు. మలుపు దగ్గర ఇద్దరూ ఢీకొన్నారు. క్యాను మూత ఊడింది. ఆమె కొత్త తెల్ల చుడీదారుకు మోకాళ్ళ దాకా మట్టిరంగు వచ్చింది.

"ఏం సార్, కండ్లు ఇంట్ల వెట్టి వచ్చిన్రా?"

"సారీ అండీ. కంగారు పడకండి, అవి మురికినీళ్ళు కావు. తాగే నీళ్ళే."

అనుపమ తన చుడీదారు వంక చూసుకుంది. "గివి తాగే నీళ్ళా?"

"అంటే, ఇంకా శుద్ధి చెయ్యలేదండి. చెయ్యాల్సింది మనమే కదా."

భీమవరం నుంచి వచ్చిన అబ్బాయి, బోరబండలో పెరిగిన అమ్మాయి. పరిచయం బురదతో మొదలైంది కాబట్టి ఇక తేటపడటమే మిగిలింది అనుకోవచ్చు. కానీ అంత తేలిగ్గా తేటపడితే ఫణీంద్ర గారికి వ్యాపారమే ఉండదు.

చేతిలో ఉన్న పని సిటీ శివార్లలోని ఒక మున్సిపాలిటీది. తాతల కాలం నాటి ప్లాంటు. ఊరు పెరిగింది, ప్లాంటు పెరగలేదు. ఉన్న స్థలంలోనే దాన్ని బాగుచేసి, రెట్టింపు నీళ్ళు ఇచ్చేలా చేయాలి. తీరా చూస్తే ఆవరణ అంతా ఏదో ఒకటి కట్టేసి ఉంది. ప్రహరీ గోడ దగ్గర ఒకే ఒక్క మూల ఖాళీ.

చెరువు నుంచి వచ్చే నీళ్ళలో బురద అడుక్కి దిగడానికి కొత్త ట్యాంకు ఒకటి కావాలి. అది రవికాంత్ పని. ఫిల్టర్లు కడిగిన నీళ్ళు ఊరికే మోరీలో పోకుండా పట్టి, మళ్ళీ వాడుకోవడానికి ఇంకో ట్యాంకు కావాలి. అది అనుపమ పని. ఇద్దరికీ ఆ మూలే కావాలి.

కంప్యూటర్లో ప్లాంటు డ్రాయింగ్ ఇద్దరికీ ఒకటే. పొద్దున రవికాంత్ ఆ మూలలో ఒక గుండ్రటి ట్యాంకు గీసేవాడు. మధ్యాహ్నం అనుపమ దాన్ని తుడిపేసి చదరపు ట్యాంకు గీసేది.

"నా ట్యాంకు ఏమైందండీ?"

"మునిగిపోయిందేమో సార్. ట్యాంకు కద."

"అలా ఎలా తీసేస్తారండీ? బురద ఎక్కడికి పోవాలి?"

"నా కడిగిన నీళ్ళు యాడికి వోవాలె మరి? మీ నెత్తి మీద పోయమంటరా? మొన్న నా మీద పోసిన్రు కద, చెల్లుకు చెల్లు."

ఆఫీసంతా పని మానేసి వినేది. ఫణీంద్ర గారు కూడా తలుపు కొంచెం తెరిచి పెట్టుకునేవారు.

ఒక సాయంత్రం అమీర్‌పేటలో వాన పట్టుకుంది. మధురానగర్ హాస్టల్‌కు నడిచిపోవాల్సిన రవికాంత్, బోరబండ బస్సు ఎక్కాల్సిన అనుపమ, ఇద్దరూ మెట్రో మెట్ల కింద చిక్కుకున్నారు. రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే అనుపమ ముచ్చటపడి చూస్తోంది. నీళ్ళు పారడం చూస్తే ఆమెకు పక్కనున్న మనుషులు గుర్తుండరు.

"చూసిన్రా సార్, ఎవ్వరు డిజైన్ చెయ్యకున్నా ఎంత సక్కగ పోతున్నయో. సీదా కోచింగ్ సెంటర్ సెల్లార్ల వడుతున్నయి."

"పల్లానికి పోవడం నీళ్ళ గుణం కదండీ."

"మరి మనుషుల గుణం ఏంది?"

ఈ ప్రశ్నకు మంచి జవాబులు చాలా ఉన్నాయి. రవికాంత్‌కు ఒక్కటీ తట్టలేదు. "మిర్చి బజ్జీ తింటారా అండీ?" అన్నాడు.

ఆమె ఫక్కున నవ్వి గొడుగు తెరిచింది. బజ్జీల బండి దాకా నడుస్తున్నంతసేపూ గొడుగు అతని వైపే వంచి పట్టుకుంది. తన భుజం తడుస్తున్నా పట్టించుకోలేదు. రవికాంత్ ప్రేమలో పడింది అక్కడే. ఆ సంగతి ఎవరికైనా చెప్పాలని ప్రాణం కొట్టుకుంది గానీ, హాస్టల్లో రూమ్మేట్ గురక పెడుతున్నాడు.

తర్వాతి వారం నీళ్ళ పరీక్ష వచ్చింది. వరసగా గాజు జాడీల్లో చెరువు నీళ్ళు పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు పటిక వేసి కలుపుతారు. ఎంత పటికకు ఎంత బురద దిగిందో చూసి, ట్యాంకు ఎంత పెద్దది కావాలో లెక్క వేస్తారు. శాంపిల్ కోసం వేరే డబ్బాలు కొనడం దండగని ఫణీంద్ర గారి నమ్మకం. అందుకే చెరువు నీళ్ళు కూడా మినరల్ వాటర్ క్యానులోనే వచ్చేవి.

రవికాంత్ ఆ క్యాను తెచ్చి గోడ పక్కన పెట్టి భోజనానికి వెళ్ళాడు. ఆ గోడ పక్కనే అసలు మినరల్ వాటర్ క్యాను కూడా ఉంది. నీలం క్యానులో ఏ నీళ్ళైనా నీలంగానే కనపడతాయి. చాయ్ పెట్టే కనకయ్య వచ్చి రెండింట్లో ఒకటి వంటగదిలోకి ఎత్తుకుపోయాడు. అది చెరువు నీళ్ళది.

రవికాంత్ తిరిగొచ్చి మిగిలిన క్యాను జాడీల్లోకి వంచాడు. పటిక వేయకముందే నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

"గింత తేటగ ఉన్నయేంది?" అంది అనుపమ. "నా డ్రెస్ మీద వడ్డయి గిట్ల లేకుండె."

"వానలు తగ్గాయి కదండీ. చెరువు తేరుకుని ఉంటుంది," అన్నాడు రవికాంత్, ఎంతో అనుభవం ఉన్నవాడిలా. ఆమె పక్కనే నిలబడి జాడీలోకి తొంగిచూస్తోంది మరి. అంత దగ్గర్లో ఆమె ఉంటే అతను సముద్రాన్ని కూడా మంచినీళ్ళే అని రాసిచ్చేవాడు.

నీళ్ళే తేటగా ఉంటే కొత్త ట్యాంకు ఎందుకు? లెక్క అదే చెప్పింది. ఆ ముక్క చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కానీ ప్రేమించినవాడు ఊరుకుంటాడా?

"ఆ మూల మీరే తీసుకోండి అనుపమ గారూ. నా ట్యాంకు తీసేస్తున్నాను," అని, ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, "మీ కోసం," అన్నాడు.

"నా కోసం ఇంతవరకు ఎవ్వరు ట్యాంకు ఇడిచిపెట్టలే," అంది అనుపమ. "ఆదివారం మా ఇంటికి రా. మా అమ్మకు నీ ముచ్చట చెప్పిన. నాటుకోడి వండుతనన్నది."

రా అంది. రండి అనలేదు. రవికాంత్ ఆ రోజు మధురానగర్ దాటిపోయి యూసుఫ్‌గూడ దాకా నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

ఆఫీసులో ఆ వారం ఇంకో వింత జరిగింది. కనకయ్య చాయ్‌కి మంచి పేరొచ్చింది. తాగే నీళ్ళు అందరూ ఇంటినుంచి సీసాల్లో తెచ్చుకుంటారు, క్యాను నీళ్ళు చాయ్‌కే.

"కనకయ్యా, ఈ మధ్య చాయ్ చిక్కగా ఉంటోంది. ఏం కలుపుతున్నావయ్యా?" అన్నారు ఫణీంద్ర గారు, రెండో కప్పు అడుగుతూ.

"ఏం కలుపుతలేను సార్. గవే పాలు, గదే చాయ్ పత్తి. చెయ్యి గుణం," అన్నాడు కనకయ్య వినయంగా.

శుక్రవారం మున్సిపాలిటీ తరఫున పెద్ద ఇంజనీరు జానకీదేవి గారు డిజైన్ చూడటానికి వచ్చారు. రవికాంత్ తెరమీద జాడీల ఫోటో పెట్టి, "మీ చెరువు నీళ్ళు సహజంగానే తేటగా ఉంటాయి మేడం. కొత్త ట్యాంకు ఖర్చు మీకు తప్పింది," అని దంచుతున్నాడు. ఎదురుగా అనుపమ మెరిసే కళ్ళతో చూస్తోంది.

కనకయ్య మర్యాదగా వంటగది క్యానులోంచి మంచినీళ్ళు తెచ్చి పెట్టాడు, గాజు గ్లాసులో. జానకీదేవి గారు తెర మీంచి చూపు తిప్పకుండానే గ్లాసు ఎత్తారు.

ఆ గ్లాసు రంగు రవికాంత్‌కు తెలుసు. మెట్ల మీద ఒక తెల్ల చుడీదారు మీద చూశాడు. మొత్తం కథ అతనికి ఒక్కసారిగా అర్థమైంది. నోరు మూసుకుంటే డిజైన్ పాసవుతుంది, మూల అనుపమకు దక్కుతుంది, ఆదివారం నాటుకోడి. నోరు తెరిస్తే ఏదీ ఉండదు. ఊళ్ళో జనానికి మాత్రం మంచినీళ్ళు ఉంటాయి.

"మేడం, తాగకండి. అవి మీ నీళ్ళే."

"మా నీళ్ళేంటయ్యా?"

"మీ చెరువువి మేడం."

ఆవిడ గ్లాసు కింద పెట్టి, అందులోకి చూసి, తెర మీది ఫోటో చూశారు. "మరి నువ్వు పరీక్ష చేసింది?"

"మినరల్ వాటర్ అండి."

ఫణీంద్ర గారు తన చాయ్ కప్పులోకి తొంగిచూశారు. "అంటే, ఈ వారమంతా నేను..."

"మరిగించారు కదండీ, ఏం కాదులెండి," అన్నాడు రవికాంత్.

"అయితే నా చెయ్యి గుణం కాదా సార్?" అన్నాడు కనకయ్య. ఆ రోజు నిజంగా బాధపడింది అతనే అని కొందరంటారు. అది తప్పు. ఇంకొకరు కూడా ఉన్నారు.

జానకీదేవి గారు సోమవారం దాకా గడువిచ్చారు. సరైన నీళ్ళతో పరీక్ష చేసి, ఆ మూలలో ఏ ట్యాంకు కడతారో తేల్చి రమ్మన్నారు. తేల్చలేకపోతే పని వేరేవాళ్ళకు ఇస్తామన్నారు. ఆవిడ వెళ్ళాక అనుపమ మెట్ల దగ్గర రవికాంత్‌ను ఆపింది.

"నా కోసం ఇడిచిన అన్నవ్."

"అన్నాను."

"నా కోసమా, మినరల్ వాటర్ కోసమా?"

రవికాంత్ తల దించుకున్నాడు. "లెక్క చెప్పిందాన్ని నా మాటగా చెప్పానండి. మీ దగ్గర మంచి అనిపించుకుందామని."

"ఆదివారం రాకు. అమ్మకు నేను ఏదో ఒకటి చెప్పుకుంట," అని ఆమె దిగిపోయింది. రవికాంత్‌కు ఏడుపొచ్చింది. మగపిల్లాడు కాబట్టి కంట్లో నలక పడినట్టు నటించాడు.

శనివారం ఇద్దరూ ఆఫీసుకు రాక తప్పలేదు. ఈసారి చెరువు నీళ్ళ క్యాను మీద రవికాంత్ ఎర్ర అక్షరాలతో పేరు రాసి, దాన్ని పక్కనే పెట్టుకుని కూర్చున్నాడు. జాడీల్లో పటిక పడింది. ఇద్దరూ బురద దిగడం చూస్తున్నారు.

"అనుపమా," అన్నాడతను, గారు మరచిపోయి. "లెక్క మళ్ళీ వేశాను. నా ట్యాంకు ఉండాల్సిందే. మీ కోసం కూడా వదలలేను. మీకు కోపం వచ్చినా సరే. మీరంటే నాకు ప్రాణం, అది వేరే సంగతి. దానికీ ట్యాంకుకీ సంబంధం లేదు."

అనుపమ అతని వైపు చూడలేదు. జాడీ వైపే చూస్తోంది. అడుగున మందంగా బురద, పైన తేట నీళ్ళు.

"కింద అది, పైన ఇది," అంది మెల్లగా. "ఒక్క జాడీలనే రెండు వట్టినయి కద."

"అంటే?"

"నాది భూమి లోపట కడదాం. కడిగిన నీళ్ళు ఎట్లయినా పల్లానికే వస్తయి. దాని మీద పిల్లర్లు లేపి నీది కడదాం. చెరువు ఎత్తుల ఉంది, నీళ్ళు వాటంతల అవే ఎక్కుతయి. జర లెక్క జూడు, బరువు ఆగుతదా?"

రవికాంత్ లెక్క చూశాడు. ఆగుతుంది. ఇద్దరూ సాయంత్రం దాకా ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని గీశారు. ఈసారి ఎవరూ ఎవరిదీ తుడపలేదు. కానీ వెళ్ళేటప్పుడు ఆమె ఆదివారం ఊసెత్తలేదు. అతనికి అడిగే ధైర్యం లేదు. ఆదివారం హాస్టల్లో సొరకాయ సాంబారు పోశారు. తిన్నాడు.

సోమవారం జానకీదేవి గారు కొత్త డ్రాయింగ్‌ను తిప్పి తిప్పి చూశారు.

"బాగుంది," అన్నారావిడ అనుపమ వైపు తిరిగి. "నాకు ఒక్కటే అనుమానం. పైవాటాకీ కిందివాటాకీ పడకపోవడం నేను చాలా ఇళ్ళల్లో చూశాను. రేపు పై ట్యాంకు కారి కింద ట్యాంకులో పడిందనుకో, నేనెవరికి ఫోన్ చెయ్యాలి? అతను నీ తప్పంటాడు, నువ్వు అతని తప్పంటావు."

"ఎవ్వరికి చేసినా ఒక్కటే మేడం," అంది అనుపమ, స్కేలు సంచిలో పెట్టుకుంటూ. "అప్పటికి ఇద్దరం ఒక్క ఇంట్లనే ఉంటం."

రవికాంత్ చేతిలో పెన్ను కింద పడింది. తీసుకోవడానికి వంగి, లేవడం మరచిపోయాడు.

జానకీదేవి గారు కళ్ళద్దాలు తీశారు. "ఈ సంగతి మీ ఇంట్లో తెలుసా అమ్మా?"

"మా అమ్మకు నిన్ననే చెప్పిన మేడం, సరే అన్నది," అంది అనుపమ. "గీ సారుకే ఇప్పుడు ఎర్కయింది."