కుని తిరగలి

"పేరు కొట్టేయించొద్దన్నది నువ్వే షిగే. మాట మార్చకు."

"నేనొక్కదాన్నే అన్నానా తొకుబే అన్నా? మీ ముగ్గురూ తలకాయలు ఊపలేదూ? అప్పుడు మెడలు బాగానే తిరిగాయే!"

మూడేళ్ళ నాటి తగువు. కోతలయ్యాక ప్రతి ఏడూ తొకుబే ఇంట్లో నిప్పుగుండం చుట్టూ కూర్చుని మళ్ళీ మొదలెడతారు. తొకుబే గొంతు పెంచాడు... పెంచినవాడు వెంటనే తగ్గించాడు. బయట చీకటి పడింది. చీకటి పడ్డాక ఆ ఊళ్ళో మగొరోకు ఇంటి ఊసు గట్టిగా ఎత్తరు.

ఊరి చివర, వెదురు తోపు పక్కన పాడుబడ్డ ఇల్లది. లోపల మనిషి లేడు. కానీ రాత్రయితే తిరగలి తిరుగుతుంది — గర్ర్... గర్ర్... కట్టెలకి పోయినవాడొకడు విని మూడు రోజులు జ్వరంతో పడుకున్నాడు. సరుకులు తోలేవాడి గుర్రమైతే ఆ మలుపులో కాళ్ళు నిలదన్ని, వెనక్కి తిరిగి ఇంటికే పోయింది... వాణ్ణక్కడే వదిలేసి.

అసలు సంగతి ఇది. అయిదేసి ఇళ్ళకి ఒక ముడి. ఒక ఇల్లు పన్ను బియ్యం కట్టకపోతే మిగతా నాలుగూ కట్టాలి. ఒకడు ఊరొదిలి పారిపోతే మిగతా నాలుగిళ్ళకీ శిక్ష. మూడేళ్ళ కిందట మగొరోకు పెళ్ళాం బిడ్డల్ని తీసుకుని రాత్రికి రాత్రి కనుమ దాటేశాడు. నడవలేని తల్లిని మాత్రం ఇంట్లోనే వదిలేశాడు. ఆ ముసలమ్మ పేరు కుని. మంచు కరగకముందే పోయింది.

చెబితే అందరికీ ముప్పు. అందుకని నలుగురూ ఒక్క మాట మీదున్నారు — "మగొరోకు కలప పనికి పోయాడు, తల్లి ఇంట్లోనే ఉంది." గుడి స్వామికి తెలియకుండా రాత్రిపూట వెదుళ్ళ మధ్య గొయ్యి తీసి పూడ్చేశారు. దీపం లేదు, మంత్రం లేదు. ఏటా గుడిలో పుస్తకం తెరిచి ఇంటింటి పేర్లు చదువుతారు కదా, "కుని?" అనగానే షిగే లేచేది. "ఉంది స్వామీ. మోకాళ్ళ నొప్పులు, రాలేకపోయింది."

అలా చచ్చిన మనిషికి పుస్తకంలో ఏటా ఒక ఏడు పెరుగుతూనే ఉంది. పేరు ఉంది కాబట్టి పన్నూ ఉంది. దెయ్యం భయానికి ఆ పొలం దున్నేవాడు లేడు. ఏటా నలభై షోల బియ్యం, అంటే నలభై కొలత పెట్టెలు, నలుగురూ తమ గింజల్లోంచే పోస్తున్నారు.

పేరు ఉంచుదామని మొదట అన్నది షిగేనే. అది ఆమెకి తెలుసు. తెలియడం వేరు, ఒప్పుకోవడం వేరు.

"ఇక మావల్ల కాదు," అన్నాడు తొకుబే. "రేపు పొద్దున్నే పన్ను అధికారి వస్తున్నాడు. ఈసారి నలభై షోలూ నువ్వే పొయ్యాలి. లేకపోతే వాగు పక్క మడి నా పేర రాయి."

మిగతా ఇద్దరూ నిప్పుల వైపు చూస్తూ కూర్చున్నారు.

షిగే మొగుడు పోయాక ఆమెకి మిగిలింది ఆ ఒక్క మడే. అది పోతే కూలికి పోవాలి, అదీ తొకుబే ఇంటికే.

"మగొరోకు అటకంతా ఊడ్చుకుని పోయుండడు," అందామె లేస్తూ. "ఎంతో కొంత ఉంటుంది. పోయి చూస్తా."

"ఇప్పుడా?"

"మరి అధికారి వచ్చాకనా?"

తొకుబే నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. "ముసలమ్మని... అడిగానని చెప్పు."

"నువ్వే వచ్చి అడుగు."

ఎవరూ కదల్లేదు.

*

దారంతా వెదురాకులు. అడుగేస్తే చప్పుడు... ఆగితే ఆగిన చప్పుడు. షిగే చేతిలో కాగితపు లాంతరు. గాలి లేదు. అయినా వెదుళ్ళు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి — కిర్ర్... కిర్ర్...

ఇదే అయ్యుంటుంది, ఈ పిరికి సన్నాసులు విన్నది — అనుకుంది.

అప్పుడు వినపడింది.

గర్ర్... గర్ర్...

ఇంట్లోంచి.

ఆమె ఆగింది. తిరగలీ ఆగింది. ఆమె అడుగేసింది. తిరగలీ ఒక చుట్టు తిరిగింది.

వెనక్కి పోదామా? పోతే మడి పోతుంది. షిగే చెప్పులు విప్పి, తలుపు పక్కకి జరిపింది. లోపల పాతబడ్డ గడ్డి వాసన రావాలి. రాలేదు. అప్పుడే పొట్టు ఊడిన బియ్యం వాసన వచ్చింది.

లాంతరు పైకెత్తింది. మట్టి నేల, మధ్యలో తిరగలి. దాని చుట్టూ పొట్టు... తెల్లగా, కొత్తగా. మనిషి లేదు. పిడి మీద చెయ్యి వేసింది —

వెచ్చగా ఉంది.

"షిగే..."

మూల చీకటిలోంచి. గొంతు కాదు, పొట్టు జారినట్టు.

"ఇప్పుడు నా వయసెంతే?"

 లెక్క తెలిసిన మాట, షిగే నోరు దానంతటదే చెప్పేసింది. "డెబ్బై ఆరు... అత్తా."

"డెబ్బై ఆరు..." తిరగలి ఒక చుట్టు తిరిగింది. పిడి షిగే చేతికిందే తిరిగింది. "పోయినప్పుడు డెబ్బై మూడు కదే."

షిగే పిడి వదిలి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏటా వింటున్నా. గుడిలో లేచి, ఉంది స్వామీ అంటావు. నువ్వు ఉందంటే... నేను ఉండాలిగా. ఉన్నాక పన్ను కట్టాలిగా. రాత్రంతా మీ మళ్ళలో పరిగె ఏరుకుంటా. తెల్లారేలోపు విసురుకుంటా. గుప్పెడు... రెండు గుప్పెళ్ళు... మూడేళ్ళు పట్టింది."

లాంతరు రెపరెపలాడింది. మూలలో రెండు మోకాళ్ళు కనపడ్డాయి. మోకాళ్ళే. పైన చీకటి.

"నా మోకాళ్ళకి ఇప్పుడు ఏ నొప్పీ లేదే షిగే. ఎందుకలా చెప్తావ్?"

షిగే ఏడ్చే మనిషి కాదు. మొగుడు పోయిన రోజు కూడా ఏడవలేదని ఊళ్ళోవాళ్ళు చాటుగా గుసగుసలాడుకున్నారు. కానీ ఆ మాటకి మాత్రం ఆమె నేల మీద కూర్చుండిపోయింది.

"ఇంకెన్నాళ్ళు ఉంచుతావే నన్ను..."

"రేపటిదాకా అత్తా," అంది షిగే. "రేపటిదాకానే."

లాంతరు ఆరిపోయింది.

*

తెల్లారి తొకుబే, మిగతా ఇద్దరూ వెదురు తోపు దాకా వచ్చారు. షిగే ఆ ఇంటి గడప మీద కూర్చునుంది. పక్కన గడ్డితో కట్టిన మూట ఒకటి.

"ఎక్కడిది?" అన్నాడు తొకుబే.

"మొయ్యి. చెప్తా."

చెప్పింది తొకుబేకి కాదు. గ్రామపెద్ద వాకిట్లో చాప మీద కూర్చున్న అధికారి ముందు నుదురు నేలకి ఆనించి చెప్పింది. తొకుబే వెనక నుంచి చీర కొంగు లాగినట్టు ఆమె అంగీ అంచు లాగుతూనే ఉన్నాడు — "నోరు మూసుకోవే... నలుగురం పోతాం..."

"మగొరోకు ఊరొదిలి పారిపోయి, కుని చచ్చి మూడేళ్ళయింది దొరా. పేరు ఉంచుదామన్నది నేనే. గుడిలో అబద్ధం చెప్పింది కూడా నేనే."

అధికారి పన్ను పుస్తకం తెరిపించాడు. తర్వాత శిక్ష చెప్పాడు: షిగే ముప్పై రోజులు తలుపులు మూసుకుని ఇల్లు దాటకూడదు. మిగతా ముగ్గురికీ పది రోజులు. గుడి స్వామిని పిలిచి వెదుళ్ళ మధ్య మంత్రం చదివించాలి. గుమాస్తా కుంచె ముంచి కుని పేరు మీద గీత గీశాడు.

"మరి ఈ మూట ఎవరిది?" అన్నాడు అధికారి.

"ఆమెదే."

"చచ్చిన మనిషిదా?"

"ఆమెదే దొరా. ఆ ఇంటి బాకీ కింద కొలవండి. నా మడి జోలికి ఎవరూ రాకూడదు."

అధికారి తొకుబే వైపు చూశాడు. తొకుబే మొహం అన్నం మెతుకులా తెల్లగా ఉంది. "కొలవండి దొరా," అన్నాడు గొణుగుతూ. "ఆ మడి మాట... నేనెత్తను."

గుమాస్తా మూట విప్పాడు. షో పెట్టె నింపడం, పైన కర్రతో చదును చేయడం, చాప మీద పొయ్యడం. ముప్పై ఎనిమిది... ముప్పై తొమ్మిది... నలభై. సరిపోయిందనుకుని చేతులు దులుపుకున్నాడు. మూట ఇంకా బరువుగా ఉంది.

మళ్ళీ ముంచాడు. నలభై ఒకటి. ఇంకోసారి. పెట్టె అంచుకి సమంగా నిండింది, మూట ఖాళీ అయింది.

 దారిలో ఒలికిపోయేదానికని మూటకి రెండు షోలు ఎక్కువ పొయ్యాలన్నది పన్ను బియ్యం దాచే కొట్టు నియమం. బతికున్నవాళ్ళు ఎవరూ తిట్టుకోకుండా పోసింది లేదు.

గుమాస్తా కుంచె తీసుకుని, గీత గీసిన పేరు కింద రాశాడు. చెల్లించినది, నలభై రెండు షోలు.