హాల్కార్ హాల్ట్‌లో ఆరు శుక్రవారాలు

మా హాల్కార్ హాల్ట్‌కి వారానికి ఒక్కటే రైలు. శుక్రవారం ఉదయం ఏడూ పన్నెండుకి వస్తుంది, అర నిమిషం ఆగి వెళ్ళిపోతుంది. ఎవరినో ఎక్కించుకోవాలని నడిపే రైలు కాదది. మా దగ్గర ఒక స్టేషను మూసెయ్యాలంటే ముందు నోటీసు పెట్టాలి. ఆరు వారాలు జనం అభ్యంతరాల కోసం ఆగాలి. ఒక్క అభ్యంతరం వచ్చినా సభ పెట్టి వినాలి, అప్పటిదాకా రైలు ఆపకూడదు. ఆ తలనొప్పంతా ఎందుకని మా ఎనిమిది పట్టణాల ఉమ్మడి రవాణా కార్యాలయం పదకొండేళ్ళుగా ఈ ఒక్క రైలునీ నడిపి, స్టేషను తెరిచే ఉందని రాసుకుంటోంది. ఇలాంటి నక్క తెలివి మావాళ్ళకి బాగా వంటబట్టింది.

నా పని ప్రయాణికుల్ని లెక్కపెట్టడం. అరచేతిలో ఇమిడే చిన్న మిషను ఇచ్చారు. నొక్కితే టిక్కుమని ఒక అంకె పెరుగుతుంది. పెరిగేది ఎప్పుడూ ఒక్కటే. ఎడ్నా క్లెగ్ అని ఎనభై దాటిన ముసలావిడ. ఒంటరి మనిషి. సంతకని బయల్దేరేది. ఒంటిమీద తడిసిన ఉన్ని కోటు, బుగ్గన పిప్పరమెంటు బిళ్ళ. చెవులు సరిగ్గా వినపడవు కాబట్టి వెయిటింగ్ రూములో తలుపు వెనకున్న బెంచీ మీద కునుకు తీసేది. రైలొస్తుంటే బెంచీ అదిరేది, అప్పుడు లేచేది.

"ఏం నెవిల్, ఇవాళ నన్ను మనిషి కింద లెక్కేశావా?" అని అడిగేది ఎక్కేటప్పుడు.

"వేశాను మామ్మగారూ. మీరు లేకపోతే నాకు పనేముంది?"

"అదీ. నీ ఉద్యోగం నా మోకాళ్ళ మీద నడుస్తోంది, గుర్తుపెట్టుకో."

లెక్క వేసేవాణ్ణి, నిజమే. ఆఫీసుకెళ్ళాక మా అధికారి రోలండ్ హిబ్బర్ట్ ఆ ఒకటిని సున్నా చేసేవాడు. "ఒకటి కూడా ఒక అంకేనా నెవిల్" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు విరిగిన పాలు గుక్కెడు మింగినట్టుండేది. అయినా నేనూ నవ్వేవాణ్ణి, అదే అసహ్యం.

నవంబరులో రోలండ్ ఆ అభ్యంతరాల గొడవ లేకుండానే హాల్ట్ మూయించే దారి కనిపెట్టాడు. ఒక నోటీసు, ఒక తాళంకప్ప నా చేతిలో పెట్టాడు.

"వెయిటింగ్ రూములో గోడకి అంటించి, తాళం వేసి రా."

"లోపల పెట్టి తాళం వేస్తే ఎవరు చదువుతారు సార్?"

"నోటీసు స్టేషనులో ఉండాలంది చట్టం. తలుపుకి ఏ వైపు ఉండాలో చెప్పలేదు. ఆరు వారాలయ్యేదాకా తియ్యకు."

ఆ శుక్రవారం ఒకటే వాన. మాకు ఆ నెలలో ఏడైనా తెల్లారదు. గది కిటికీలకి ఎప్పుడో ఇనపరేకులు కొట్టేశారు, దీపం లేదు. టార్చి వెలుగులో ఎదురు గోడకి నోటీసు గుచ్చాను. తలుపు వెనక బెంచీ ఉంటుందని నాకు తెలుసు. చూడలేదు. తాళం వేసి వచ్చి ప్లాట్‌ఫాం చివర నిలబడ్డాను. రైలొచ్చింది. ఆ రొదలో వెనక తలుపు దబదబమన్నట్టనిపించింది. గాలి అనుకుని రైలెక్కేశాను. ఆ రోజు సున్నా నేనే వేశాను. దొంగలెక్క తప్పినందుకు సంతోషించాను కూడా.

రెండో శుక్రవారమూ ఆవిడ రాలేదు. జలుబేమో అనుకున్నాను. రైలు కదులుతుంటే నా చేతిలో మిషను టిక్కుమంది. చూస్తే ఒకటి. నేను నొక్కలేదు. స్ప్రింగు పాడైందనుకుని వెనక్కి తిప్పేశాను. మూడో వారం కూడా ఒకటే. అప్పటికి తలుపు సందులోంచి వాసన మొదలైంది... తడి ఉన్ని, బూజు, వాటి కింద తియ్యగా, ముద్దగా, గొంతుకి అంటుకునే కంపు. ఎలుక చచ్చిందనుకున్నాను. రుమాలు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడ్డాను. తాళం మాత్రం తియ్యలేదు. తియ్యొద్దన్నారుగా.

ఆరో శుక్రవారం తీశాను.

తలుపు సగం తెరుచుకుని మెత్తగా దేన్నో ఒత్తుకుంది. టార్చి ముందు నోటీసు మీద పడింది. దాని మీద పెన్సిలు రాత. నవంబరులో నేను తాళం వేసిన శుక్రవారం తేదీ, 'నాకు అభ్యంతరం ఉంది. ఎడ్నా క్లెగ్.' కింద తర్వాతి శుక్రవారం తేదీ, అదే మాట, అదే సంతకం. అలా ఆరు వరసలు. ఆఖరిది ఆ రోజుదే. పిప్పరమెంటు వాసన గుప్పుమంది...

అప్పుడు తలుపు వెనక్కి చూశాను. ఏం చూశానో చెప్పను. ప్లాట్‌ఫాం మీదకొచ్చి రోలండ్‌కి ఫోన్ చేశాను.

రోలండ్ కారులో వచ్చాడు. ముక్కు మూసుకుని లోపలికి తొంగిచూసి, మొదట అడిగినమాట, "నోటీసు మీద అభ్యంతరాలేమైనా ఉన్నాయా?"

ఉన్నాయన్నాను. చింపి తెచ్చి నా కళ్ళముందే లైటరుతో కాల్చేశాడు.

"తాళం జేబులో వేసుకో. తేమకి తలుపు ఉబ్బి బిగుసుకుపోయింది. అర్థమైందా?"

"ఆవిణ్ణి నేనే లోపలపెట్టి..."

"నువ్వు జైలుకెళితే ఆవిడ లేచొస్తుందా? నోరు మూసుకో."

మూసుకున్నాను. పోలీసులకి తలుపు కథే చెప్పాను. ఆవిడ మొదటి వారంలోనే, నాలుగో రోజుకే పోయిందన్నాడు డాక్టరు. మరి మిగతా అయిదు సంతకాలూ ఎవరు పెట్టారని నేను అడగలేదు. అడిగితే ఆ కాగితం సంగతి చెప్పాలి, తాళం సంగతి చెప్పాలి.

అభ్యంతరాలేవీ రాలేదని రాసుకుని కౌన్సిలర్లు మూసివేతకి చేతులెత్తి ఓటేశారు. జనవరిలో ఆఖరి రైలు. మూసివేత కాగితం అంటించడానికి ఆ ఉదయం రోలండ్ తనే వచ్చాడు. మంచు పొగలా పరుచుకుంది. "ఇంకా కంపేనా ఇక్కడ" అంటూ టార్చి పట్టుకుని వెయిటింగ్ రూములోకి వెళ్ళాడు.

తలుపు మెల్లగా మూసుకుంది.

నా కోటు జేబు ఒక్కసారిగా తేలికైంది. చెయ్యి పెడితే తాళంకప్ప లేదు. తలుపుకి వేలాడుతోంది, వేసే ఉంది.

"నెవిల్..." లోపల్నించి గుసగుస. "తలుపు వెనక ఎవరో కూర్చున్నారు..."

తాళంచెవి నా దగ్గరే ఉంది. ఒక్క అడుగు వేస్తే చాలు.

"నెవిల్... తియ్యి... నా చెయ్యి పట్టుకుంది..."

ఆ అడుగు వెయ్యలేదు. భయమొక్కటే కాదు. తాళం సంగతి ఈ లోకంలో నాక్కాక తెలిసినవాడు వాడొక్కడే అన్న ఆలోచన వచ్చింది. అంత నీచమైన ఆలోచన నా బుర్రలోదే. పిప్పరమెంటు వాసన నా చెవి పక్కనే ఆడింది. రైలొచ్చింది. తలుపు దబదబలాడింది. రైలు అర నిమిషం ఆగింది. ఎవరూ ఎక్కలేదు. కదిలింది.

టిక్. టిక్.

మిషను చూశాను. రెండు.

అప్పుడు తాళం తీశాను. గది ఖాళీ. టార్చి నేలమీద వెలుగుతూ పడుంది. ఎదురు గోడకి నోటీసు ఉంది. నా కళ్ళముందు కాలిపోయిన నోటీసు. ఎడ్నా సంతకాలు ఆరూ ఉన్నాయి. ఏడో వరసలో వణుకుతున్న అక్షరాలు, నేను ఇరవయ్యేళ్ళుగా చూస్తున్న రాత. 'నాకు అభ్యంతరం ఉంది. రోలండ్ హిబ్బర్ట్.'

రోలండ్ పేరుతో అభ్యంతరం వచ్చిందని ఆఫీసులో చెప్పాను. సభ జరిగేదాకా హాల్ట్ ముయ్యడానికి వీల్లేదట. రోలండ్ కోసం పోలీసులు ఇంకా వెతుకుతున్నారు. నేను శుక్రవారం శుక్రవారం వెళుతున్నాను. మిషను రెండు చూపిస్తోంది, రెండనే రాస్తున్నాను. తాళం గురించి ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

నోటీసుని ఫైల్లో పెట్టేముందు ఇంకోసారి చూశాను. రోలండ్ పేరు కింద పెన్సిలుతో తిన్నగా ఒక గీత గీసి ఉంది. దాని మీద ఇవాళ తేదీ ఉంది. పేరు ఇంకా రాయలేదు.