ఖాళీ బండి తొయ్యకూడదు

పిల్లల బండి కొనడానికి వచ్చినవాళ్ళు ముందు రంగు అడుగుతారు, తర్వాత ధర అడుగుతారు. కృష్ణకుమారి స్పీడు అడిగింది.

"గీ బండి ఎంత స్పీడ్ల పోతది?"

దిల్‌సుఖ్‌నగర్ సందులో పిల్లల సామాన్ల షాపు నడుపుతున్న గౌతమ్‌ను ఇన్నేళ్ళలో ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. అతను బండివైపు చూశాడు, అమ్మాయివైపు చూశాడు. అమ్మాయివైపు కొంచెం ఎక్కువసేపు చూశాడు. ట్రాక్ ప్యాంటు, కాన్వాస్ షూ, చంకలో ఎనిమిది నెలల పిల్లాడు.

"తోసేవాళ్ళని బట్టి ఉంటుందండీ," అన్నాడు.

"నేనే తోస్త. రెండున్నర కిలోమీటర్లు పదహారు నిమిషాల్ల ఉరకాలె. కానిస్టేబుల్ సెలక్షనుంది. వీడు మా అక్క కొడుకు. అక్క దవాఖానల నర్సు, పొద్దుగాల్నే డ్యూటీకి పోతది. బావ ఆర్టీసీ డ్రైవరు."

"బస్సులు లేవు కదండీ. తెలంగాణ సమ్మె కదా."

"బస్సులుంటె గూడ ఇంటికి జల్దొస్తుండె. ఇప్పుడు దినమంత సమ్మె టెంటుల్నే ఉంటుండు. వీన్ని నాకు అప్పజెప్పిన్రు. ఎత్తుకొని ఉరికితే నా నడుము పోయింది. ఇంట్ల ఇడిసిపెట్టి ఉరికితే అక్క నా పానం తీస్తది. గందుకే బండి."

"బాబు పేరేంటండీ?"

"దశరథ. తాత పేరు."

ఎనిమిది నెలల దశరథ కౌంటర్ మీదున్న గిలక్కాయ అందుకుని నోట్లో పెట్టుకున్నాడు. దాంతో ఆ గిలక్కాయ అమ్ముడుపోయింది.

కృష్ణకుమారి పిల్లాణ్ణి గౌతమ్ చేతికిచ్చి, నీలం బండి హ్యాండిల్ పట్టుకుని నాలుగడుగులు తోసిందో లేదో, గల్లాపెట్టె దగ్గర్నుంచి కేక వినిపించింది.

"ఆగమ్మాయ్! ఖాళీ బండి తొయ్యకూడదు!"

ఆవిడ గౌతమ్ నాయనమ్మ కోటేశ్వరమ్మ. గుంటూరు నుంచి ఈ ఊరొచ్చి ముప్ఫై ఏళ్ళయింది. ఖాళీ ఊయల ఊపకూడదని పెద్దవాళ్ళంతా అంటారు. ఆ నియమాన్ని చక్రాల బళ్ళకు కూడా వర్తింపజేసింది మాత్రం కోటేశ్వరమ్మే. కొనడానికి వచ్చినవాళ్ళు నవ్వేవారు. కన్నకొడుకు గంగాధరరావే నవ్వేవాడు. ఆవిడ పట్టించుకోలేదు. కౌంటర్ కింద ఎప్పుడూ పదికిలోల బియ్యం మూట ఒకటి ఉంచేది. దానికి ఉన్ని టోపీ కూడా ఉంది. ఎవరు బండి చూసినా ముందు ఆ మూటను అందులో కూర్చోబెట్టి బెల్టు పెట్టాల్సిందే.

"పిల్లగాడున్నడు కదమ్మా, ఈన్నే కూసోపెడ్త," అంది కృష్ణకుమారి.

"బండెలాంటిదో తెలియకుండా పసివాణ్ణి పెట్టి పరిగెడతావా? చక్రం ఊడితేనో?"

కృష్ణకుమారికి ఈ మాట సబబుగానే తోచింది. టోపీ పెట్టుకున్న బియ్యం మూటను తోసుకుంటూ సందు చివరిదాకా పరిగెత్తి వెనక్కి వచ్చింది. సందులోవాళ్ళు చూసి తప్పుకున్నారు.

"ముంగటి చక్రం వణుకుతుంది," అంది నుదుటి చెమట తుడుచుకుంటూ. "నిజం చెప్పున్రి. దీంతోని ఉరకొచ్చునా?"

ఇది నడక కోసమే, పరుగుకి కాదు అని అట్టపెట్టె మీద రాసి ఉంది. గౌతమ్ అది చదివాడు కూడా. కానీ వద్దంటే ఆమె వెళ్ళిపోతుంది.

"భేషుగ్గా పరిగెత్తొచ్చండి," అన్నాడు.

ఆమె బండి కొనేసింది. దశరథను అందులో కూర్చోబెట్టి, గిలక్కాయతో సహా వెళ్ళిపోయింది. గౌతమ్ అయిదు నిమిషాలు కుర్చీలో కూర్చున్నాడు. ఆరో నిమిషంలో చెప్పులు కూడా వేసుకోకుండా మెయిన్ రోడ్డెక్కి పరుగందుకున్నాడు. చైతన్యపురి దగ్గర ఆమెను పట్టుకున్నాడు. ఇంకా నడుస్తూనే ఉంది, దేవుడి దయ.

"ఆగండి! దాంతో పరిగెత్తకండి. అబద్ధం చెప్పాను."

కృష్ణకుమారి బండి ఆపింది.

"ఎందుకు చెప్పిన్రు?"

"పనికిరాదంటే మీరు వెళ్ళిపోతారు కదా."

"ఇప్పుడు గూడ పోతున్న కదా?"

"అవునండీ. అందుకే పరిగెత్తుకొచ్చాను."

ఆమె అతని ఉత్త కాళ్ళవైపు చూసింది. కాబోయే పోలీసు చూపు అది. మనిషిని మొత్తం చదివేసి, ఏం చదివిందో చెప్పకుండా ఊరుకుంటుంది.

"తప్పు నీదే. ఉరికే బండి నువ్వే చేపియ్యాలె," అంది చివరికి. మీరు కాస్తా నువ్వయింది. గౌతమ్‌కు అది శిక్షలా అనిపించలేదు.

పరుగుకి పనికొచ్చే బండి ఊరంతా వెతికినా దొరకలేదు. దొరక్కపోవడమే మేలనుకున్నాడు గౌతమ్. కొత్తపేటలో సైకిల్ షాపు గోపయ్యను పట్టుకుని, పిల్లల సైకిల్ చక్రాలు మూడు తెచ్చి, బండి కట్టించడం మొదలుపెట్టాడు. ముందు చక్రం అటూ ఇటూ తిరక్కుండా బిగించారు. హ్యాండిల్‌కు సైకిల్ బ్రేకు పెట్టారు. బండి చెయ్యిజారినా పారిపోకుండా తోసేవాళ్ళ మణికట్టుకు తగిలించుకునే పట్టీ కుట్టించారు. కృష్ణకుమారి రోజూ సాయంత్రం వచ్చి ఒక వంక పెట్టేది. హ్యాండిల్ పొట్టిగుందనేది. మర్నాడు పొడుగుందనేది.

"నిన్న మీరే కదండీ పెంచమన్నారు?"

"నిన్న వేరే షూ ఏసుకున్న."

పొద్దున్నపూట సరూర్‌నగర్ స్టేడియంలో ఆమె పరుగు సాగేది. కొత్త బండి వచ్చేదాకా బావగారు సమ్మె టెంటుకి ఒక గంట ఆలస్యంగా వెళ్ళేలా, అంతసేపూ దశరథ గ్యాలరీ మెట్ల మీద ఆయన నిఘాలో ఉండేలా ఏర్పాటైంది. ఆ బావగారు పేపర్లో సమ్మె వార్తలు చదివి పిల్లాడికి వినిపించేవాడు. ఫోన్‌లో టైము చూసే నెపంతో గౌతమ్ ఆమెతోపాటు పరిగెత్తేవాడు. అంటే, మొదటి రౌండు ఆమెతోపాటు, తర్వాతివి ఆమె వెనకాల.

ఇంతలో పిడుగులాంటి కబురొకటి వచ్చింది. వారం కిందట గుంటూరు వెళ్ళిన తండ్రి గంగాధరరావు అక్కణ్ణుంచి ఫోన్ చేశాడు.

"ఇవాళ బంద్, రేపు రాస్తారోకో. అక్కడ హైదరాబాద్‌లో వ్యాపారం సాగదురా. ఇక్కడ మంచి షాపు చూస్తున్నాను. నెలాఖరుకి మనం ఇక్కడికి మారిపోదాం."

నెలాఖరుకు పద్దెనిమిది రోజులుంది. ఈలోపు కృష్ణకుమారికి తన మనసులో మాట చెప్పాలి. చెప్పకపోతే గుంటూరులో కూర్చుని జీవితాంతం గిలక్కాయలు అమ్ముకోవాలి. గౌతమ్ రోజూ చెబుదామనే బయల్దేరేవాడు. కానీ పరిగెత్తేటప్పుడు అతని నోట్లోంచి గాలి తప్ప ఇంకేమీ వచ్చేది కాదు. ఆగినప్పుడు ఆమె అక్కడ ఉండేది కాదు.

అలా పదమూడు రోజులు గడిచాయి.

పద్నాలుగో రోజు బండి తయారైంది. ఆవేళ బంద్. నర్సక్కకు సెలవు కావడంతో దశరథ ఇంట్లోనే ఉన్నాడు. ఎప్పుడూ లారీలతో బస్సులతో పొగలు కక్కే విజయవాడ హైవే ఖాళీగా పడి ఉంది.

"గింత మంచి ట్రాకు మళ్ళ దొరకదు," అంది కృష్ణకుమారి.

కోటేశ్వరమ్మ సగం దించిన షట్టర్ కిందనుంచి వంగి, బియ్యం మూటకు స్వయంగా బెల్టు బిగించింది. టోపీ సర్దింది. "జాగ్రత్త," అంది. ఎవర్ని ఉద్దేశించి అన్నదో తెలియలేదు.

బండి బాణంలా దూసుకుపోయింది. వణకలేదు, పక్కకు లాగలేదు. కొత్తపేట దాటాక, రెండున్నర కిలోమీటర్లు పూర్తయ్యేసరికి ఫోన్‌లో పదిహేను నిమిషాల నలభై సెకన్లు. పదికిలోల బియ్యంతో! కృష్ణకుమారి ఆనందం పట్టలేక ఒక్క కేక పెట్టింది. గౌతమ్ కూడా పెట్టేవాడే, ఊపిరి లేదు.

అక్కడ రోడ్డుకు అడ్డంగా వంటావార్పు నడుస్తోంది. హైవే మధ్యలో పొయ్యిలు, గుండిగలు, జెండాలు, పాటలు. ముత్తమ్మ అనే పెద్దావిడ గరిటెతో ఎదురొచ్చింది.

"బియ్యం దెచ్చిన్రా బిడ్డా! సల్లగుండున్రి. ఇప్పుడే తక్కువ పడ్డయనుకుంటున్నం."

ఇద్దరూ నోరు తెరిచేలోపు నలుగురు మూటను బెల్టు విప్పి పట్టుకుపోయారు. టోపీ మాత్రం తిరిగిచ్చారు.

"నీదేవూరు బిడ్డా?" ముత్తమ్మ అడిగింది.

"మాది నకిరేకల్."

"ఈ పిలగానిది?"

గౌతమ్ చేతిలోని టోపీవైపు చూశాడు. అతను పుట్టింది ఇక్కడికి కూతవేటు దూరంలోని దవాఖానలోనే. అయినా ఊరేదంటే గుంటూరు అని చెప్పడమే ఇంట్లో అలవాటు. ఆ రోజుల్లో ఆ జవాబు చెప్పేముందు ఎవరైనా ఒకసారి అటూ ఇటూ చూసుకునేవారు.

"దిల్‌సుఖ్‌నగర్," అంది కృష్ణకుమారి, అతనికంటే ముందే.

"ఇంకేంది మరి, మనోడే. కూసో, తినిపోదువు."

హైవే మధ్య తెల్ల గీత మీద కూర్చుని అన్నం, పప్పు, పచ్చిపులుసు తిన్నారు. ఆమె చెప్పిన ఆ ఒక్క మాటకి గౌతమ్ కళ్ళు చెమర్చాయి. పచ్చిపులుసు కారంగా ఉందని చెప్పాడు.

తిని లేచాక అసలు చిక్కు వచ్చిపడింది. బండి ఖాళీగా ఉంది.

"తొయ్యి మరి," అంది కృష్ణకుమారి.

"ఖాళీగా ఉంది కదండీ."

"మీ నాయనమ్మ గీడ లేదు కదా?"

"లేదు."

ఇద్దరూ బండివైపు చూశారు. ఎవరూ హ్యాండిల్ మీద చెయ్యి వెయ్యలేదు. రెండు నిమిషాలయ్యాక కృష్ణకుమారి నిట్టూర్చింది.

"నువ్వు గాపక్క పట్టు. ఎత్తుకపోదాం."

అలా చెరోపక్క పట్టుకుని, మూడు చక్రాలున్న బండిని మోసుకుంటూ వెనక్కి నడక మొదలుపెట్టారు. పైన సన్నగా తుంపర మొదలైంది. బండికి టాపు ఉంది, మనుషులకు లేదు. మోత వల్ల ఆమె మెల్లగా నడవాల్సి వచ్చింది. ఇన్నాళ్ళలో మొదటిసారి గౌతమ్‌కు ఆమె పక్కన ఊపిరి ఆడింది.

"మా నాన్న షాపు గుంటూరుకి మార్చేస్తున్నారు. నెలాఖరుకి," అన్నాడు.

ఆమె బండి మీద పట్టు సర్దుకుంది.

"నువ్వు గూడ పోతవా?"

"అది మీరు చెప్పాలి."

"నేనెందుకు చెప్పాలె? నీకు నోరు లేదా?"

"నోరుందండీ. ఇన్ని రోజులూ ఊపిరే లేదు." గౌతమ్ ఆగాడు. "నాకు మీరంటే ఇష్టం. మీరు స్పీడు అడిగిన రోజు నుంచీ ఇష్టం. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

కృష్ణకుమారి తన పక్క వదిలేసింది. బండి బరువంతా గౌతమ్ మీద పడింది.

"గీ ముచ్చట చెప్పెతందుకు ఇన్ని దినాలా? నువ్వు చెప్పుల్లేకుంట ఉరికొచ్చినవు సూడు, నేను గప్పుడే ఫిక్సయిన. రోజూ హ్యాండిలుకు వంక పెట్టుకుంట కొత్తపేటకు ఎందుకొస్తున్ననుకున్నవు?"

"షూ మారాయన్నారు కదా?"

"నాకున్నది ఒక్కటే జత!" కోపంగా చూసి, మళ్ళీ తన పక్క పట్టుకుంది. కోపం ఎంతోసేపు నిలవలేదు, నవ్వేసింది. "నేనైతే గుంటూరు రాను. ముందే చెప్తున్న."

"నేనూ వెళ్ళను."

"మీ ఇంట్ల ఊకుంటరా?"

"నాయనమ్మని అడగాలి," అన్నాడు గౌతమ్. ఆ పేరు వినగానే ఇద్దరూ బండిని ఇంకొంచెం పైకెత్తి పట్టుకున్నారు.

కోటేశ్వరమ్మ షట్టర్ దగ్గరే నిలబడి ఉంది. ముద్దగా తడిసిన ఇద్దర్నీ చూసింది, గాల్లో ఉన్న బండిని చూసింది.

"మూటేది?"

"వంటావార్పులో ఇచ్చేశాం, నాయనమ్మా."

"కొత్త బియ్యం. నీళ్ళు తగ్గించి వండాలి. చెప్పారా?"

"లేదు."

"బండికేమైంది, మోసుకొస్తున్నారు? విరిగిందా?"

"మంచిగనే ఉందమ్మా," అంది కృష్ణకుమారి. "ఖాళీది తొయ్యొద్దన్నరు కదా."

కోటేశ్వరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుని ఆ అమ్మాయిని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ కంటికి ఎదురుగా లేనప్పుడు కూడా ఆ మాట పాటించిన మనిషి ఇంతవరకూ తగల్లేదు.

"ఎవరన్నారు మోద్దామని?"

"నేనే."

ముసలావిడ కొంగు నడుముకి దోపుకుంది. లోపలికి వెళ్ళి కొత్త బియ్యం సంచి తెచ్చి బండిలో పెట్టింది. దాని మీద అరటిపళ్ళు, తమలపాకులు, పసుపు, కుంకుమ, జాకెట్టు గుడ్డ పెట్టింది. చివరికి అన్నిటికీ కలిపి బెల్టు బిగించింది.

"ఇవి ఎల్బీనగర్ తీసుకెళ్ళి మీ అక్కకివ్వు. ఆదివారం మేం మాట్లాడ్డానికి వస్తామని చెప్పు. వీడు తోసుకొస్తాడు. పరిగెత్తకండి, పళ్ళు నలుగుతాయి."

కృష్ణకుమారి వంగి ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టింది. గౌతమ్ బండి హ్యాండిల్ పట్టుకున్నాడు. ఆమె పట్టీ తీసి అతని మణికట్టుకు తగిలించింది, గట్టిగా.

వాళ్ళు మలుపు తిరిగారో లేదో ఫోన్ మోగింది. గుంటూరు నుంచి గంగాధరరావు.

"అమ్మా, షాపు కుదిరింది! గౌతమ్‌కివ్వు."

"వాడు లేడు. ఎల్బీనగర్ వెళ్ళాడు, బండి డెలివరీకి."

"బంద్ రోజు డెలివరీ ఏంటమ్మా? ఎప్పుడొస్తాడు?"

కోటేశ్వరమ్మ ఖాళీ రోడ్డువైపు చూసింది.

"ఇంటికి సాయంత్రానికి వస్తాడు," అంది. "గుంటూరుకి మాత్రం రాడు."