నాలుగో సంచి

గల్ఫ్ దేశంలో, బర్కా అనే ఊళ్ళో, ఖర్జూరపు తోటల వెనక ఒక పాత రేకుల షెడ్డుంది. చీకటి పడితే అటు ఎవరూ వెళ్ళరు. అక్కడ పనిచేసే వీరబ్రహ్మం గుండె ఆగి పోయింది అందులోనే. అప్పట్నించీ లోపల తెల్లగా ఒకటి వేలాడుతూ... ఊపిరి పీల్చి వదులుతుందట. రేకు సందులోంచి చూసినవాళ్ళున్నారు.

నాకు చెప్పింది ఇస్తారి, జగిత్యాల వైపు మనిషి. ఆ దేశంలోనే, ఘుబ్రాలో మా అమ్మాయి ఇంటికి రంగులు వేస్తూ చెప్పాడు. అంతకుముందు ఆ షెడ్డున్న కంపెనీలోనే పని.

అక్కడ ఖర్జూరపు మట్టల్లోంచి సెల్యులోజ్ తీస్తారు. అందుకొక నల్లపొడి వేస్తారు — ఉత్ప్రేరకం. మా కెమిస్ట్రీ మాస్టారు దాన్ని పెళ్ళిళ్ళ పేరయ్యతో పోల్చేవారు: పెళ్ళి చేయిస్తాడు, తాను పీటల మీద కూర్చోడు. ఆ మాస్టారికి ఆరుగురు కూతుళ్ళు... సరే, అది వేరే కథ. పని అయ్యాక పొడి చెక్కుచెదరదు గానీ కడిగిన నీళ్ళతో పోతుంది. అందుకని ఆ నీళ్ళని గుడ్డసంచుల్లో వడకట్టి, పొడిని మళ్ళీ వాడతారు. బంగారమంత ఖరీదట.

మూడు సంచులు కొత్త షెడ్డులో, నాలుగోది పాతదాంట్లో. బ్రహ్మం పోయాక పాత షెడ్డు తలుపు పగలు కూడా ఎవరూ తీయలేదు. అప్పట్నించే పొడి తగ్గుతోంది.

సూపర్‌వైజర్ ఫజల్ ఇస్తారిని నిలదీశాడు.

"డ్యూటీ నీది. పొద్దున దాకా టైమ్. దొరక్కపోతే పోలీస్."

"నేను తీయలే భాయ్. నా బిడ్డ మీద ఒట్టు."

"ఆ ఒట్టు పోలీసుకి చెప్పు."

ఆ రాత్రి ఇస్తారి మూడు సంచులూ దులిపాడు. కాలువలు చేత్తో దేవాడు. ఏమీ లేదు. జైలు కళ్ళముందు కనిపిస్తోంది. వెతకని చోటు ఒక్కటే మిగిలింది...

తలుపు తోశాడు.

బుస్... బుస్...

తెల్లగా, మనిషంత — ఉబ్బుతూ, కుంగుతూ.

"బ్రహ్మమన్నా... నన్ను ఏం జేయకే. ఒక్కపారి ఇంటికి పోనీయే..."

కాళ్ళు తడబడి దాన్నే పట్టుకున్నాడు. తడి. బరువు. అరచేయంతా నలుపు!

సంచి! పొడితో నిండిన నాలుగో సంచి. శవాన్ని మోసుకెళ్ళే గాభరాలో ఆవేళ ఎవరూ ఆ షెడ్డుకి నీళ్ళొచ్చే వాల్వు మూయలేదు. పంపు కొట్టినప్పుడల్లా సంచి ఉబ్బేది. అంతే.

ఇస్తారి నవ్వాడట. ఏడ్చాడట. సంచి విప్పబోయి, ఫోన్ లైటు పైకెత్తాడు.

పైపుకి సంచి మూతి తువ్వాలతో బిగించి ఉంది. అక్కడి క్లిప్పు వదులు. తువ్వాల లేకపోతే సంచి ఊడి, పొడంతా నీళ్ళపాలయ్యేది. అందుకే డ్యూటీలో బ్రహ్మం తన తువ్వాలే కట్టేవాడు, దిగేటప్పుడు విప్పి భుజాన వేసుకునేవాడు. ఇదీ అదే తువ్వాల: ఆకుపచ్చది, మూలన భార్య కుట్టిన ఎర్రపువ్వు.

"అయితే ఏముంది? ఆయన కట్టిందే ఉండిపోయింది," అన్నాను.

ఇస్తారి బ్రష్ కింద పెట్టాడు.

"ఆ తువ్వాల ఆయనతోటే ఊరికి పోయింది సార్. శవం పెట్టెల, తలకింద మడిచి పెట్టింది... నేనే."