మోచేతి సందు

రాజమండ్రిలో డిటెక్టివ్ అప్పాజీ ఆఫీసుకి ఏడుస్తూ వచ్చేవాళ్ళే ఎక్కువ. సాయిప్రసన్న ఏడవలేదు. కాకినాడ బస్సు దిగి నేరుగా వచ్చి, ఫోన్ బల్ల మీద పెట్టింది.

"జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తానండి. పోయిన వారం జ్వరమొచ్చి సెలవు పెట్టాను. ఆ రోజు నేను పట్టిసీమ రేవులో షికారు చేస్తున్నట్టు ఈ ఫోటో మా కాలేజీ గ్రూపులో పడిందండి. ఎవరిదో కొత్త నంబరు. మందుల చీటీ చూపించినా మా కరస్పాండెంటు గారు వినలేదు, ఆ గ్రూపులోనే తిట్టారు. రేపు ఉద్యోగంలోంచి తీసేస్తారటండి."

అప్పాజీ దగ్గర పనిచేసే పావని ఫోటో అందుకుంది. వెనక గోదావరి, పడవలు. ముందు నడుం మీద చెయ్యి వేసుకుని నవ్వుతున్న సాయిప్రసన్న. గాలికి రేగిన వెంట్రుకలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి.

"ఇంత సన్నంగా ఎవరు కత్తిరించగలరు సార్? నిజం ఫోటోలాగే ఉంది," అంది పావని.

"ఒకప్పుడు జుట్టు దగ్గర ఎడిటర్లు తలలు పట్టుకునేవాళ్ళు. ఇప్పుడొచ్చిన సెలక్షన్ టూల్ ఒక్క నొక్కుకి మనిషిని జుట్టుతో సహా విడదీసి ఇస్తుంది. జుట్టు చూసి నమ్మేవాడంత వెర్రివాడు లేడు. మోచెయ్యి చూడు."

మోచేతికీ నడుముకీ మధ్య సందులో గోదావరి నీళ్ళు లేవు. గరుకు మాను, దాన్నంటుకుని పామాయిల్ మట్ట ఉన్నాయి. పావనికి తన మీద తనకే చిరాకేసింది.

"అది జంగారెడ్డిగూడెంలో తోటండి," అంది సాయిప్రసన్న. "కాలేజీ పిక్నిక్కి వెళ్ళాం. ఆ ఫోటోలు అందరి దగ్గరా ఉన్నాయి."

కాలేజీలో ప్రిన్సిపాల్ పోస్టు ఖాళీగా ఉంది. దానికి పోటీ ఆమె కాక ఇద్దరే. మర్నాడు అప్పాజీ, పావని కాకినాడ కాలేజీకి వెళ్ళారు. అప్పాజీ వాళ్ళిద్దరినీ విడివిడిగా కదిపాడు.

"కాలేజీ ఫ్లెక్సీలన్నీ నేనే చేస్తానండి. ఫోటో మార్చడం నాకొచ్చు. ఇది మాత్రం నేను చెయ్యలేదు," అంది ఇంగ్లీషు చెప్పే రాజరాజేశ్వరి.

లెక్కల లోకనాథ్ నవ్వాడు. "నాకు ఫోన్లో ఫోటో నిలువుగా తిప్పడమే రాదండి. ఇవన్నీ కుర్రాళ్ళ ఆటలు."

తర్వాత అందరూ కరస్పాండెంటు జోగేశ్వరరావు గదిలో చేరారు. ఆయన ముందు సంతకం పెట్టిన ఆర్డరు సిద్ధంగా ఉంది. ఒక ఆడమనిషి బతుకు తేల్చేయడానికి ఆయనకి ఒక్క ఫోటో చాలింది. పావనికి ఒళ్ళు మండింది.

అప్పాజీ ఫోటోని తెర మీద వేశాడు. మోచేతి మాట ఎత్తలేదు. "ఇది దొంగ ఫోటో. చేసినవాడు పనికిమాలినవాడు. జుట్టు చూడండి, కొడవలి పెట్టి కోసినట్టుంది."

రాజరాజేశ్వరి అయోమయంగా చూసింది. లోకనాథ్ మొహం ఎర్రబడింది.

"కొడవలేంటండి? అంచు ఎంత మెత్తగా వచ్చిందో చూడండి. పాత టూల్‌తో ఇలా చెయ్యమనండి చూద్దాం. అంచు రిఫైన్ చేశాక ఒక్క వెంట్రుకైనా..." అని ఆగిపోయాడు.

"ఫోటో తిప్పడం రానివారికి రిఫైన్ చెయ్యడం బాగానే వచ్చిందే," అన్నాడు అప్పాజీ. తెర మీద మోచేతి సందుని పెద్దది చేశాడు. "పిక్నిక్ ఫోటోలో ఈవిణ్ణి సెలక్ట్ చేశారు. రేవు ఫోటో మీద అతికించారు. కొత్త సిమ్ కొని పంపారు. జుట్టు సంగతి సాఫ్ట్‌వేర్ చూసుకుంది. మూసుకున్న ఈ సందుని మాత్రం అది మనిషిలో భాగమే అనుకుంది. అది మీరు చూసుకోవాల్సింది. ఆపాటి పనికీ బద్ధకం. పైగా మీరు చెయ్యని పనికి గర్వమొకటి. ఆ సిమ్ మీరే తీసిస్తారా, పోలీసులు తియ్యాలా?"

లోకనాథ్ పర్సులోంచి సిమ్ తీసి బల్ల మీద పెట్టాడు. అప్పాజీ దానికేసి చూడను కూడా లేదు.

జోగేశ్వరరావు ఆర్డరు చింపేశాడు. "అయిందేదో అయిందమ్మా. సోమవారం నుంచి వచ్చెయ్యండి. కాలేజీ పరువు కదా, ఇక్కడితో వదిలేద్దాం."

సాయిప్రసన్న లేవలేదు. "ఇన్నేళ్ళు మీ దగ్గర పనిచేశానండి. జ్వరమని నేను చెప్తే నమ్మలేదు. వెంట్రుకలు బాగున్నాయని ఫోటోని నమ్మారు. నన్ను తిట్టిన గ్రూపులోనే, మీ గొంతుతో, జరిగింది చెప్పండి. నేను కూర్చుంటాను."

ఆయన అందరి మొహాలూ చూశాడు. ఎవరూ సాయం రాలేదు. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, "అందరికీ నమస్కారం. మన కాలేజీలో ఒక పొరపాటు..." అని మొదలుపెట్టాడు.

"పొరపాటు కాదండి," అంది సాయిప్రసన్న. "మళ్ళీ మొదట్నుంచి చెప్పండి."