డిష్ పక్కన అరగంట

పెళ్లిచూపుల్లో మమ్మల్ని మాట్లాడుకోమని పెరట్లోకి పంపితే, దేవిశ్రీ మొదట అడిగింది నా ఉద్యోగం గురించి కాదు.

"మీ ఇంట్లో టీవీ ఉందాండీ?"

"ఉంది. మా ఇంటికి పట్టిన దరిద్రం అదే" అన్నాను.

కాలేజీ వక్తృత్వ పోటీలో టీవీ వల్ల నష్టాల మీద మాట్లాడి కప్పు గెలిచినవాణ్ణి, ఊరుకోగలనా? దానివల్ల అన్నం చల్లారిపోతుందన్నాను. మనిషి మొహం మనిషి చూడడన్నాను. మా అమ్మ ముక్కూమొహం తెలియనివాళ్ల కోసం ఏడుస్తుందన్నాను.

అంతా శ్రద్ధగా విని, "లాభం ఒక్కటీ లేదేటి?" అంది.

"ఒక్కటీ లేదు."

"సూద్దాం లెండి" అని నవ్వి లోపలికి వెళ్లిపోయింది. అది ఒప్పుకోవడమో కాదో తెలియక, వడ్డాది నుంచి చోడవరం దాకా బండి మీద ఆ నవ్వునే తలుచుకుంటూ వచ్చాను.

పెళ్లయింది. చెరుకు సీజను మొదలై, షుగర్ ఫ్యాక్టరీలో నాకు నైట్ డ్యూటీ పడింది. పొద్దున్న నేను వచ్చేసరికి తను వంటింట్లో ఉండేది. సాయంత్రం నేను నిద్రలేచేసరికి హాలునిండా జనం: అమ్మ, నాన్న, పక్కింటి రాజ్యం పిన్ని. కొత్త పెళ్లాంతో మాట కలిపేలోపు ఎవరో ఒకరు "దేవీ" అని పిలిచేవారు.

ఒకరోజు సీరియల్ మొదలవగానే దేవిశ్రీ కళ్లతోనే మేడమెట్లు చూపించింది. ఇద్దరం లేచాం. ఒక్కరూ తల తిప్పలేదు.

పైన టీవీ డిష్ పక్కన కూర్చుని, "ఇదండీ లాభం" అంది.

ఆ కప్పు కాలేజీకి తిరిగిచ్చేద్దామనిపించింది.

అప్పట్నుంచి రోజూ ఆ అరగంట మాది. గాలిలో చెరుకుపాకం వాసన. తను వేరుశెనగ పిక్కలు ఒలిచి చిన్నవి నాకిచ్చేది, పెద్దవి తనే తినేసేది.

ఒక సాయంత్రం, "నిజం సెప్పండి. నచ్చి సేసుకున్నారా, మీ అమ్మగారు సెప్పేరని సేసుకున్నారా?" అంది.

నోరు తెరిచాను. మాట రాలేదు. నా అవస్థ చూసి పకపకా నవ్వుతూ వెనక్కి వాలింది. వాలింది గోడకి కాదు, డిష్‌కి.

"బొమ్మ పోయిందిరా" అని కింద కేక.

మరుక్షణం అమ్మ మెట్లెక్కి వచ్చింది. మమ్మల్ని చూసింది, పక్కకి తిరిగిపోయిన డిష్‌ని చూసింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని దిగిపోయింది.

డిష్ అప్పుడే సరిచేశాను గానీ, మర్నాటి నుంచి దేవిశ్రీ పైకి రాలేదు. సీరియల్ వేళకి అమ్మ పక్కనే కూర్చునేది. సిగ్గుపడుతోందనుకున్నాను. కానీ డ్యూటీకి వెళ్తుంటే టిఫిన్ బాక్స్ అందిస్తూ, "నచ్చి కాకపోతే కాదనే సెప్పొచ్చు కదండీ" అంది మెల్లగా.

బదులు చెప్పేలోపే లోపల్నుంచి "దేవీ" అని పిలుపు.

ఆదివారం సీరియల్ రాదు. నాన్న వార్తలు చూస్తున్నాడు. అమ్మ ఉన్నట్టుండి, "ఒరే దిలీపూ, సిగ్నల్ సరిగ్గా రావట్లేదు. నువ్వూ కోడలూ పైకెల్లి డిష్ సూడండి" అంది.

బొమ్మ అద్దంలా ఉంది.

"నేనొక్కణ్ణే తిప్పుతాలే అమ్మా."

"నీకేటి తెలుసు? దాన్ని తిప్పింది కోడలు గుంట కదా." మా చేతికి వేరుశెనగ పిక్కల పళ్లెం ఇచ్చింది. "ఇయ్యి పట్టుకెల్లండి. టైము పడతాది."

పైన దేవిశ్రీ డిష్‌కి దూరంగా నిలబడింది.

"అమ్మ ఇంకో సంబంధం చూద్దామంది" అన్నాను. "వడ్డాది అమ్మాయైతేనే చేసుకుంటానని పట్టుబట్టింది నేను. నువ్వు నవ్వి లోపలికెళ్లావు చూడు, అప్పుడే అయిపోయింది నా పని."

తను చాలాసేపు నా వంకే చూసింది. "మైకు ముందు మాట్లాడి కప్పు గెలిసేరంట, నా ముందు నోరు రాదేటి?"

"మైకు ఇలా చూడదు కదా."

కింద నాన్న గొంతు: "బొమ్మ బాగానే వస్తంది కదే. ఆళ్లనెందుకు పంపేవు?"

"నువ్వు వార్తలు సూడు" అంది అమ్మ. ఆ వెంటనే టీవీ సౌండు వీధి చివరిదాకా వినబడేలా పెరిగింది.

దేవిశ్రీ ఈసారి జాగ్రత్తగా గోడకే ఆనుకుని కూర్చుంది. పిక్కలు ఒలిచి నా అరచేతిలో పోసింది. అన్నీ పెద్దవే.